సెలవులో ఉన్న లైబ్రేరియన్ గారు

మా మెడికల్ కాలేజీ లైబ్రేరియన్ గారికి కాదనడం రాదు. ఏ వ్యాసం అడిగినా "ఆయ్, తెప్పిస్తానండీ" అని, విదేశంలోని వైద్య లైబ్రేరియన్ల సంఘానికి ఈమెయిల్లో రాసేవారు. రెండోరోజుకు వచ్చేసేది. ఆ ఉత్తరాల పుణ్యమా అనే వాళ్ల సంఘానికీ మన దేశపు వైద్య లైబ్రేరియన్ల సంఘానికీ ఒప్పందం కుదిరింది.

సంతకాల సభ అమలాపురంలో, మా కాలేజీలోనే. వేదిక మీది కుర్చీలు డాక్టర్లకే చాలలేదు. మా లైబ్రేరియన్ గారి చేతికి కొబ్బరిబొండాల ట్రే ఇచ్చారు.

బొండం అందుకుంటూ విదేశీ అధ్యక్షురాలు అడిగింది: "మాకు రాసే లైబ్రేరియన్ ఎక్కడ?"

"ఇవాళ సెలవులో ఉన్నారు," అని ఇంగ్లీషులో చెప్పి, ప్రిన్సిపాల్ గారు ట్రే వైపు తిరిగారు. "అంతేగదమ్మా?"

"ఆయ్," అన్నారావిడ.

ఆవిడ తెప్పించిన వ్యాసాలతోనే నేను పీజీ గట్టెక్కాను. సభ నడిపిస్తున్నది నేనే, మైకు నా చేతిలోనే ఉంది. ప్రిన్సిపాల్ గారికి చప్పట్లు కొట్టమన్నాను.