నేను కూర్చునేదాకా

2009 అక్టోబరు 6, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటి పది నిమిషాలు. బహ్రెయిన్‌లోని జుఫైర్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. ఒక ఫ్రెంచి దంపతుల ఇంట్లో వంటకు చేరిన రోజు, వాళ్ళకు నేను వడ్డించిన మొదటి భోజనం. కూరగాయల సూపు ఇద్దరి ముందూ పెట్టి, గరిటె పట్టుకుని పక్కన నిలబడ్డాను. వాళ్ళు ముట్టలేదు. చేతులు రెండూ బల్ల మీద, పళ్ళేనికి అటూ ఇటూ ఆనించి నన్నే చూస్తున్నారు. వాసన నచ్చలేదేమో అనుకున్నాను.

మా మధ్య భాష సగం హిందీ, సగం ఇంగ్లీషు. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“మీరు కానివ్వండి సార్,” అన్నాను.

“నువ్వు కూర్చో,” అన్నాడాయన.

“నేను వెనక తింటాను.”

“వెనక అంటే?”

“మీ ఇద్దరిదీ అయ్యాక.”

ఆయన భార్య వైపు తిరిగి, “అయితే ఈ పూట ముగ్గురం పస్తే,” అన్నాడు.

మేడమ్ నవ్వి, తన పక్క కుర్చీ వెనక్కి లాగింది. “వండిన మనిషి కూర్చోకముందు చెంచా ఎత్తితే మా అమ్మ చేతి మీద కొట్టేది. నాకు అరవై ఏళ్ళొచ్చినా ఆ దెబ్బ భయం పోలేదు,” అంది.

ఒకటీ ఇరవై తొమ్మిదికి కుర్చీ అంచున కూర్చున్నాను. పంతొమ్మిది నిమిషాల్లో సూపు చల్లారిపోయింది. ఇద్దరూ ఆ చల్లటి సూపే మెచ్చుకుంటూ తిన్నారు.

కోనసీమలో మా ఇంట్లో వండిన ఆడది అందరూ లేచాక, గిన్నెల్లో మిగిలింది చూసుకుని తినేది. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. వేడి అన్నం పక్కన మనిషితో కలిసి తిన్నది పెళ్ళిలో బువ్వంబంతి నాడు ఒక్కసారే. ఫ్రెంచి ఇళ్ళన్నిటా పనివాళ్ళను బల్ల దగ్గర కూర్చోబెడతారని నేననను. ఆ ఇంట్లో కూర్చోబెట్టారు.

వాళ్ళ పద్ధతులు ఒక్కొక్కటే తెలిశాయి. రొట్టెకు పళ్ళెం ఉండదు, బల్లగుడ్డ మీదే పెట్టుకుంటారు. తిరగేసి పెడితే అరిష్టమని మేడమ్ వెంటనే సరిచేసేది. ఆకుకూర పచ్చిదే, అదీ భోజనం చివర్న. ఆ తర్వాత జున్నులాంటి చీజు. దాని కంపు అలవాటవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఒక్క భోజనానికి గంటా పది నిమిషాలు. మధ్యలో లేవకూడదు.

కింద వాచ్‌మన్ జగిత్యాల వైపు మనిషి. ఒకరోజు లిఫ్టు దగ్గర ఆపాడు.

“ఏందమ్మా, నువ్వు కూసుండేదాక దొరసాని ముద్ద ముట్టదంట, నిజమేనా?”

“నిజమే నాయనా.”

“గా సంగతి మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కు జెర చెప్పరాదు. మేం తిన్నమో లేదో గుడ అడగడు.”

2016లో సార్ పోయారు. ఫ్లాటు సొంతం కావడంతో మేడమ్ బహ్రెయిన్‌లోనే ఉండిపోయింది. “ఫ్రాన్సులో నాకు గోడలు తెలియవు. ఇక్కడ చీకట్లోనూ నడుస్తాను,” అనేది. చక్కెర జబ్బు ముదిరింది. మధ్యాహ్నం భోజనానికి పావుగంట ముందు ఇంజెక్షన్ నేనే ఇచ్చేదాన్ని. ఇంజెక్షన్ పడ్డాక తినకుండా ఉండకూడదని డాక్టరు నాకు మూడుసార్లు చెప్పాడు.

2023 జులైలో స్నానాల గదిలో పడింది. ఫ్రాన్సు నుంచి కొడుకు ఫోను చేశాడు. “ఇంకొక్కసారి పడితే తీసుకొచ్చి ఇక్కడ వృద్ధుల ఇంట్లో చేరుస్తాను,” అని నాతోనే అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మేడమ్ గోడ పట్టుకుని నడిచేది.

ఆవిడ ఇక్కడే ఉండాలని నేను మొక్కుకున్నాను. కార్తీక సోమవారాలు చుక్క కనబడేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టనని, నీచు పెట్టిన బల్ల దగ్గర కూర్చోనని. అంతకుముందు ఏళ్ళలో ఉపవాసమైనా మజ్జిగ గ్లాసుతో పక్కన కూర్చునేదాన్ని, ఆవిడ దానితో సరిపెట్టుకునేది. ఈసారి మొక్కు గట్టిది. మొక్కు పైకి చెప్పకూడదు కాబట్టి ఆవిడకు చెప్పలేదు.

2023 నవంబరు 20, మొదటి కార్తీక సోమవారం. పన్నెండు నలభై అయిదుకు ఇంజెక్షన్ ఇచ్చాను. ఒంటిగంటకు చేప, ఉడికించిన బంగాళాదుంప, రొట్టె పెట్టాను.

“తినండి మేడమ్. ఈ రోజు నేను రాను.”

“ఒంట్లో బాగోలేదా?”

“బాగానే ఉంది. పూజ. మీరు తినండి.”

“సరే, పూజ చేసుకో. నాకేం తొందర లేదు.”

నేను నా గదిలోకి వెళ్ళి దీపం ముందు కూర్చుని తలుపు వేసుకున్నాను. ఆకలేస్తే తినదా అనుకున్నాను. పద్నాలుగేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చుని కూడా అలా అనుకున్నాను.

ఒకటీ నలభైకి కుర్చీ పడిన చప్పుడైంది. మేడమ్ నేల మీద ఉంది. ఒళ్ళంతా చెమట, ఎడమ చేయి కింద మడతపడి ఉంది. చేప మీద ఫోర్కు గాటు కూడా లేదు. నోట్లో పంచదార వేసి అంబులెన్సుకు ఫోను చేశాను. బతికింది. తుంటి విరిగింది.

మూడో రోజున కొడుకు వచ్చాడు. “ఇంజెక్షన్ తీసుకుని అమ్మ ఎందుకు తినలేదు?” అని అడిగాడు. నేను బల్ల దగ్గర కూర్చోలేదని చెప్పాను. మొక్కు సంగతీ చెప్పాను. నన్ను తిడతాడని నిలబడి ఉన్నాను. ఆయన, “మా చిన్నప్పుడూ ఇంతే. అమ్మ ఎవరి కోసమైనా ఆగేది,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 9న తీసుకెళ్ళాడు. చక్రాల కుర్చీలోంచి ఆవిడ నా మొహం దగ్గరకు లాక్కుని రెండు బుగ్గలకూ తన బుగ్గలు ఆనించింది. “ఆ రోజు దేవుడిని ఏమడిగావు?” అంది. నేను ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సర్దాను.

2024 ఏప్రిల్ 11న పోయిందని కొడుకు మెసేజి పెట్టాడు.

పోయినవి ఇవి. జుఫైర్‌లో ఒక ఇల్లు, ఇప్పుడు వేరేవాళ్ళుంటున్నారు. ఒక మొక్కు, మిగిలిన మూడు సోమవారాలు చెయ్యలేదు. ఒక జవాబు, ఆవిడ అడిగినప్పుడు ఇవ్వనిది. పడిన రోజు నుంచి పోయిన రోజుకు నూట నలభై మూడు రోజులు. అన్ని మధ్యాహ్నాలు. ఒక మనిషి.