నవ్వులపాలైన గాడిదపిల్ల

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆమె ఉద్యోగం. కిటికీ లేని గదిలో, సిరా వాసన మధ్య, పొద్దస్తమానం ఎవరెవరి వాక్యాల్లోనో పొల్లులూ దీర్ఘాలూ సరిచేసేది. పెళ్ళి ఊసు ఎప్పుడో అటకెక్కింది. అన్నావదినలతో పాటు మేడమీద వాటాలో ఉండేది. ఇంటికి రాగానే చీర కుచ్చిళ్ళు దోపుకుని మెట్లమీద కూర్చుంటే చాలు, మేనకోడలితో పాటు వీధిలో పిల్లలంతా బిలబిలా చేరేవారు. అలా ఆమె అందరికీ కథలత్త అయింది.

మేనకోడలికి నత్తి. మొదటి అక్షరమే గొంతుకు అడ్డం పడేది. ఓ సాయంత్రం ఆ పిల్ల బడినుంచి వచ్చీ రాగానే మంచం కిందకి దూరింది. వదిన బతిమాలింది. అన్న గదమాయించాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కథలత్త నేలమీద బోర్లా పడుకుని కథ ఎత్తుకుంది.

"ఒక గాడిదపిల్ల ఉండేదే. దొప్పల్లాంటి చెవులు. అందుకని దొప్పచెవి అనేవాళ్ళు. ఓండ్ర పెడదామని నోరు తెరిస్తే, మొదటి 'ఓ' దగ్గరే ఆగిపోయేది."

"ఎం... ఎందుకూ?"

"లోపల మాటలు మరీ ఎక్కువైపోయి, గుమ్మం దగ్గర తోసుకునేవేమో!"

మంచం కింద కిసుక్కుమని నవ్వు వినిపించింది.

ఆ కథే ఆమె మొదటి పుస్తకం. అచ్చాఫీసు యజమాని బొమ్మలు వేయించి మరీ అచ్చువేశాడు. పిల్లలు అట్టలు చిరిగేదాకా చదివారు. దొప్పచెవి కథలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆ కథల్లో గాడిద మాట కోసం జంతువులన్నీ ఓపిగ్గా ఎదురుచూసేవి. అది చివరికి చెప్పే మాటకి కడుపుబ్బా నవ్వేవి. ఆమె బతుకులో అవే మంచి రోజులు.

టీవీవాళ్ళు వచ్చినప్పుడు యజమాని ఎగిరి గంతేశాడు. "సంతకం పెట్టమ్మా, నీ గాడిద ఇంటింటికీ వెళ్తుంది" అన్నాడు. ఆమె చదవకుండానే పెట్టేసింది. అచ్చుతప్పు వెతకకుండా ఆమె ముగించిన కాగితం బహుశా అదొక్కటే.

దొప్పచెవి నిజంగానే ఇంటింటికీ వెళ్ళింది. తెరమీద అది నోరు తెరవగానే చెవులు టపటపా కొట్టుకునేవి, కళ్ళు తేలేసేది, వెనక గుంపు నవ్వు మోగేది. మిగతా జంతువులు చెవులు మూసుకుని పరిగెత్తేవి. నెల తిరక్కుండా వీధుల్లో పిల్లలంతా దాన్ని అనుకరించడం మొదలుపెట్టారు.

మేనకోడలు అప్పటికి పెద్దదైంది. ఏళ్ళ తరబడి అద్దం ముందు సాధన చేసి, నత్తిని చాలావరకు లొంగదీసి, చిన్న పిల్లల బడిలో టీచరుగా చేరింది. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే ఒక పేరు దగ్గర మాట ఆగిపోయింది. వెనక బెంచీలోంచి ఎవరో "దొప్పచెవి టీచర్!" అన్నారు. తరగతి గది గొల్లుమంది. ఆ పేరు బడంతా పాకింది. తోటి టీచర్లు కూడా తలతిప్పుకుని నవ్వుకునేవారు. కొన్నాళ్ళు పళ్ళబిగువున ఓర్చుకుని, చివరికి మానేసి, ఓ ఆఫీసులో పాత ఫైళ్ళు సర్దే గదిలో చేరింది. అక్కడ ఎవరితోనూ మాట్లాడే పనిలేదు.

కథలత్త యజమాని దగ్గరికి పరిగెత్తింది.

"పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడాయన.

"దాని మాటకి కాదండీ, నత్తికి నవ్వుతున్నారు. నేను రాసింది అలా కాదు. కనీసం నా పేరైనా తీసేయమనండి."

"అది నా చేతుల్లో లేదు. నువ్వే సంతకం పెట్టావు" అని ఆయన ప్రూఫుల కట్ట ఆమె ముందుకి తోశాడు.

ఆమె ఊరుకోలేదు. దొప్పచెవిని మళ్ళీ తన దొప్పచెవిగా నిలబెట్టాలని కొత్త పుస్తకం రాసింది. కొన్నవాళ్ళు లేరు. "ఇందులో గాడిద నవ్వించట్లేదు" అని పక్కింటి పిల్ల రెండు పేజీలు తిరగేసి ఇచ్చేసింది. కట్టలు అచ్చాఫీసు గోడవారగా చెమ్మపట్టాయి. ఆ తర్వాత ఆమె కలం పట్టలేదు.

అన్నా వదినా ఒకరి వెనక ఒకరు పోయారు. ఇంట్లో ఇద్దరే మిగిలారు. కథలత్త కళ్ళకి శుక్లాలు కమ్మాయి. కంటి ఆసుపత్రికి మేనకోడలే తీసుకెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి, "పేషెంట్ పేరు?" అంది. మేనకోడలు నోరు తెరిచింది. మాట పెగల్లేదు. వెనక నిలబడ్డవాళ్ళు దగ్గారు. కథలత్త చటుక్కున తన పేరు తనే చెప్పేసింది.

ఆటోలో మేనకోడలు బయటికి చూస్తూనే అంది.

"చె... చెప్పేదాన్నత్తా."

"వెనక జనం ఉన్నారు కదే."

"ఉంటారు."

ఆపరేషన్ అయింది. ఒక కన్నే కాస్త తేటపడింది. మేనకోడలు వేరే ఊరికి బదిలీ పెట్టుకుందని, ఆ పిల్ల సామాన్లు సర్దుకుంటుంటేగానీ కథలత్తకి తెలియలేదు.

"నామీద కోపమా?"

"కోపం కాదు. నా... నాకోసమే రాశావని తెలుసు. కానీ నన్ను అడగలేదు కదా! మంచం కింద చెప్పింది మంచం కిందే ఉంటుందనుకున్నాను."

కథలత్త లోకంలో పిల్లలందరి కోసం రాశాననుకుంది గానీ, ఆ ఒక్క పిల్లని అడగాలని ఏనాడూ తోచలేదు.

మేనకోడలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మందులు వేసుకున్నావా అని అడుగుతుంది. మాట తడబడినప్పుడు కథలత్త పెదవులు బిగించి ఆగుతుంది, ఆ మాట తను అందివ్వదు. కొన్నిసార్లు ఆ మాట ఎంతకీ రాదు. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తుంది. కాసేపటికి ఫోన్ పెట్టేసిన చప్పుడవుతుంది.