గోరంత బూజు

కొత్తపేటలో నాది దాణా కొట్టు. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల గేదెలు ఏం తినాలో తేల్చింది నా ముక్కే. నూనె తీసిన వేరుశనగ చెక్క విరిచి వాసన చూసి "పాసు" అంటే రైతులు మారుమాట లేకుండా బస్తా మోసుకుపోయేవారు. గోరంత బూజు ఉంటే పాసు. అరచేతంత ఉంటే ఈనెల చీపురుతో దులిపి, డాబా మీద ఎండబెట్టి పాసు. ఫెయిలనే మాట నా నోట ఎవరూ వినలేదు. ఇంట్లో నా రెండేళ్ల మనవరాలు కూడా పాలగ్లాసు నా ముక్కు దగ్గర పెట్టి, నేను పాసు అన్నాకే తాగుతుంది. దానికి నేను మురిసిపోయేవాణ్ణి.

మొన్నటి వానలకి కొట్టు కారి వేరుశనగ చెక్క తడిసింది. ఎప్పటిలాగే దులిపి, ఎండేసి, పాసు చేశాను. అందులో రెండు బస్తాలు బుల్లెమ్మ పట్టుకెళ్లింది. ఆమెకున్నది ఒక్క గేదె. ఇంటింటికీ దాని పాలు పోసుకుని బతుకుతోంది. పది రోజులకి గేదె మేత మానేసింది, పాలు సగానికి పడిపోయాయి.

పశువుల డాక్టరు కుసుమగారు ఆ చెక్కని పరీక్షకి పంపారు. రిపోర్టు రాగానే బుల్లెమ్మని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చారు.

"బూజు విషం వందకోట్ల పాళ్లలో ఇరవైకి మించకూడదండి. మీ చెక్కలో మూడొందలుంది."

నాకు నవ్వొచ్చింది. "వందకోట్లలో మూడొందలా? అదీ ఓ లెక్కేనాండీ! అయినా ఎండబెట్టేనండి, బూజు చచ్చిపోద్ది."

"బూజు చస్తుందండి, విషం చావదు. పాలల్లోకి కూడా దిగుద్ది. కాచినా పోదు."

అప్పటికైనా నోరు మూసుకోవచ్చుగా! పెద్దమనిషి అనిపించుకోవాలని, "కొత్త బస్తాలు పట్టుకెళ్లమ్మా బుల్లెమ్మా" అన్నాను.

ఆమె బస్తాల వైపు చూడనైనా లేదు. "గేదె తేరుకుంటాదన్నారండి డాక్టరుగారు. కానండీ, ఆ పది రోజులూ తీసిన పాలల్లో మొదటి అరలీటరు మీ మనవరాలికే పోసేనండి. బుల్లెమ్మ పాలే కావాలని మీరే వాడుక పెట్టించేరు కదండీ."

కొట్టు అలాగే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. పిల్లని పెద్దాసుపత్రిలో చూపించాం. ఇప్పటికి భయం లేదన్నారు. మిగిలిన బస్తాలన్నీ గొయ్యి తీయించి పూడ్పించాను.

ఆ సాయంత్రం ఇంట్లో పాకెట్టు పాలే కాచారు. పిల్ల గ్లాసు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.

"తాతా, పాసా?"

అది గ్లాసు పట్టుకుని, తాగకుండా, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.