‘అచ్ఛా’ నిషేధం

1991లో నన్ను రైల్వే ప్రజాసంబంధాల విభాగంలో ఇన్‌స్పెక్టరుగా బిలాస్‌పూర్‌కు బదిలీ చేశారు. పత్రికల కత్తిరింపులు పై అధికారికి పంపడం, తప్పు వార్త వస్తే ఖండన రాయడం నా పని. మా తాతగారి ఎదుట కుర్చీలో కూర్చోవడానికి ఒకప్పుడు ఊళ్లోవాళ్లకు అనుమతి కావలసి వచ్చేది. నేను బిలాస్‌పూర్‌లోని కుదుదండ్ పేటలో అద్దె గదిలో ఉన్నాను గాని, ఇస్త్రీ లేని చొక్కాతో ఆఫీసుకు వెళ్లలేదు.

ఆ వానాకాలంలో రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్రైవర్లూ గార్డులూ డ్యూటీల మధ్య విశ్రమించే చోట, ఒక గార్డుకు బ్రెడ్డులో పురికొస ముక్క వచ్చింది. బ్రెడ్డు తెలిపారా వీధిలో అప్పలస్వామి అనే తెలుగాయన నడిపే బేకరీది. అతని సరఫరా ఒప్పందం ఆ నెలలోనే పొడిగించాలి. ఇంతలో హిందీ దినపత్రిక విలేఖరి అతని ఇంటర్వ్యూ అడిగాడు. రైల్వే పరువు పోకుండా అతన్ని తయారు చేయమని మా అధికారి నన్ను పంపారు.

అప్పలస్వామి ప్రతి వాక్యాన్నీ ‘అచ్ఛా’తో మొదలుపెట్టేవాడు. ఆ ఊళ్లో అది అలాగా, సరే, అవును అన్నిటికీ చెల్లుతుంది. అభ్యాసం కోసం నేను విలేఖరిలా కూర్చుని, పురికొస వచ్చిందట కదా అన్నాను. “అచ్ఛా,” అన్నాడు. అది ఒప్పుకోలుగా అచ్చవుతుందని చెప్పి ఆ మాటను నిషేధించాను. బదులుగా స్వచ్ఛమైన హిందీలో మూడు వాక్యాలు రాసిచ్చి, వెన్ను నిటారుగా పెట్టమన్నాను.

“ఆ మాట నేకపోతే నోరు పెగల్దు బాబూ,” అన్నాడు. క్రమశిక్షణ ఉంటే పెగులుతుందన్నాను.

ఇంటర్వ్యూ బేకరీలోనే జరిగింది. మొదటి ప్రశ్నకు అప్పలస్వామి వెన్ను నిటారుగా పెట్టాడు. అంతే. పెదవులు కదిలాయి, మాట రాలేదు. విలేఖరి నోటుబుక్కులో ‘మౌనం’ అని రాసుకోవడం నాకు కనబడింది. ఆ ఒక్క మాట శీర్షికకెక్కితే ఒప్పందం పోతుంది. ఆ మూడు వాక్యాలూ నేనే చెప్పాను. విలేఖరి ఒక్కటీ రాసుకోలేదు.

కౌంటరు దగ్గర పొట్లాలు కడుతున్న అతని భార్య నరసమ్మ తలెత్తకుండానే అంది: “ఏటలా బిగుసుకుపోనావు? నీ అచ్ఛా ఏదో నువ్వనీ. బాబుగారేటీ అనుకోర్లే.”

“అచ్ఛా,” అన్నాడు అప్పలస్వామి. ఇక ఆగలేదు. పురికొస వచ్చిన మాట నిజమేనని, పిండి బస్తా కుట్టు విప్పినప్పుడు అది పడిందని, జల్లించకుండా కలిపింది తానేనని చెప్పాడు. కొత్త జల్లెడ తెచ్చి విలేఖరి చేతిలో పెట్టాడు. ఆ గార్డు ఇంటికి వెళ్లి క్షమాపణ కూడా చెప్పుకున్నాడట. ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

మర్నాడు పత్రికలో అంతా ఉన్నదున్నట్టు వచ్చింది. ఒప్పందం నిలిచింది. చివరి పేరాలో, మాటిమాటికీ అడ్డుతగిలిన ‘యజమాని బావమరిది’ ఒకరు కనిపించారు. అది నేనే. నిబంధన ప్రకారం ఖండన రాసి సంతకానికి పంపాను. మా అధికారి దానిమీద ‘దోషం స్వల్పం’ అని రాసి వెనక్కి పంపారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా చాలామంది వ్యాపారులను ఇంటర్వ్యూలకు సిద్ధం చేశాను. వారి మాటతీరు జోలికి పోలేదు. ముందుగా, అసలేం జరిగిందో చెప్పమని అడిగేవాణ్ని. అప్పలస్వామిని నేను ఆ ప్రశ్న అడగనేలేదు.