తూటాల మీద బొట్లు

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం గల్ఫ్‌లో, అల్ తుమామాలో స్టేడియం లేస్తున్న రోజుల్లో నేను అక్కడ స్టోర్ చూసేవాణ్ణి. హెల్మెట్లు, గ్లోవ్స్, బోల్టులు ఇవ్వడం, రాసుకోవడం నా పని. ఎండలో వచ్చేపోయే మనుషులకు వారమంతా సామాను అందించి అందించి, గురువారం సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడే ఓపిక మిగిలేది కాదు. శుక్రవారం సెలవు. ఆ పొద్దున మాత్రం మా కంపెనీ యజమాని కారు పంపేవాడు. అల్ రయ్యాన్‌లో ఆయన ఇంటికి వెళ్ళి తూటాలు తయారు చేసేవాణ్ణి.

ఆయన ఏటా ఆఫ్రికాకు వేటకు వెళ్ళే మనిషి. ఒకసారి సైటుకు వచ్చినప్పుడు తాను కొట్టిన అడవిదున్న ఫోటోను ఇంజనీర్లకు చూపిస్తున్నాడు. పక్కనే ఉన్న నేను, "ఏ గుండు వాడారు, మెత్తనిదా గట్టిదా?" అని ఉర్దూలో అడిగాను. స్టోర్‌వాడు అడగాల్సిన ప్రశ్న కాదది. ఆయన ఫోను దించి నన్ను పైనుంచి కిందికి చూశాడు. మాది జగిత్యాల వైపు గడిలో బతికిన దొరల కుటుంబమనీ, మా తాత వేటలో పేరున్నవాడనీ, పంటలో పడే పందుల కోసం మా నాన్న ఇంట్లోనే తూటాలు కూర్చుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాననీ చెప్పాను. ఊళ్ళు ఎదురు తిరిగిన కాలంలో తుపాకులు పోలీస్ స్టేషన్‌కు చేరాయనీ, తరువాత భూములు కూడా పోయాయనీ చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా. శుక్రవారం ఇంటికి రమ్మన్నాడు.

తూటా అంటే మొత్తం వస్తువు. ఇత్తడి గొట్టం, లోపల మందు, అడుగున నడిమధ్య నిప్పు పుట్టించే చిన్న టోపీ, ముందు కొనలో గుండు. మిగతావన్నీ గుండును పంపడానికే. అందుకే గుండును ఎంచుకోవడంలోనే అసలు పని ఉంది. యజమాని విదేశంలో ఒక చిన్న వర్క్‌షాప్ నుంచి ప్రత్యేకంగా చేయించి తెప్పించేవాడు. తేలికగా, మొన తేలి, మెరిసిపోయేవంటే ఆయనకు ఇష్టం. అవి వేగంగా పోతాయి, నిజమే. కాని దున్న భుజం ఎముక ముందు వేగం నిలవదు. ఒకే రాగి కడ్డీ నుంచి చెక్కిన బరువైన మొద్దుమొన గుండు కావాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తడిపిన పాత పేపర్ల కట్టలు వరసగా పెట్టించి రెండూ కాల్పించాను. మెరిసేది మొదటి కట్టల్లోనే చిట్లిపోయింది. మొద్దుది చివరి కట్ట దాటి ఇసుకలో దొరికింది. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో తూటాలు చేసే గది తాళంచెవి నా దగ్గరే ఉండేది.

ప్రతి గుండునూ తూచి, సమానంగా తూగినవి ఒక పక్కన పెట్టేవాణ్ణి. అద్దం పలక మీద దొర్లించి వంకర ఉందేమో చూసేవాణ్ణి. ఏసీ చప్పుడు తప్ప మరో శబ్దం లేని ఆ గదిలో నా నడుము నొప్పి కూడా తగ్గినట్టు ఉండేది. వారంలో నన్ను ఎవరూ "ఏయ్ స్టోర్" అని పిలవని రోజు అదొక్కటే.

యజమాని పెట్టిన షరతు ఒక్కటే. నేను తప్ప ఎవరూ తూటాలను ముట్టుకోకూడదు. తన దగ్గర ముందున్న డ్రైవర్ ఒకసారి తూటాలుండే అల్మారా తెరిచి చూశాడని వారం తిరక్కుండా పనిలోంచి తీసి వాడి ఊరికి పంపించేశాడు. ఆ స్థానంలో వచ్చినవాడు మా వైపు మనిషే. వాళ్ళ తాత మా తాత వేటల్లో డప్పు కొట్టి జంతువును తోలేవాడట. నన్ను మొదటిరోజు నుంచే "దొరా" అనేవాడు. అందులో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకు తెలిసేది కాదు. అనవద్దని మాత్రం చెప్పలేదు.

యజమాని ఆఫ్రికా ప్రయాణం దగ్గరపడింది. ఒక శుక్రవారం ఎడారిలో ఉన్న ఆయన తోటలో చివరిసారి కాల్చి చూడాలనుకున్నాం. పేపర్ కట్టలు పేర్చడానికి నేను ముందే యజమానితో వెళ్ళాను. అల్మారా తాళం తీసి తూటాల పెట్టెను బయట పెట్టి ఉంచాను కనుక, దాన్ని మూసినది మూసినట్టే తెమ్మని డ్రైవర్‌కు చెప్పాం. వాడు తెచ్చాడు. మూత తీశాను. గుండు కిందికి, అడుగు పైకి ఉండేట్టు వరసగా నిలబెట్టిన ప్రతి తూటా అడుగునా, సరిగ్గా నడిమధ్యన, పసుపు. పసుపు మీద కుంకుమ.

"ఇదేందిరా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఇయ్యాల దసరా గద దొరా. మీ గడిల తుపాకులకు పూజ చేస్తుండిరని మీరే జెప్పిరి. ఈడ ఎవ్వలు చేస్తరు? నా రూముల నేనే చేసిన."

"తుపాకి కట్టెకు పెడుదురు. తూటాకు పెడుతరారా ఎవడన్న?"

"గుండ్రంగ నొసలు తీరుగ ఉన్నయి. నడుమ బొట్టంత జాగ కూడ ఉండె. పెట్టిన."

"పసుపు దేంట్ల కలిపినవ్?"

"నూనెల. నీళ్ళయితే ఎండి రాలిపోతదని."

వాడు బొట్టు పెట్టిన జాగా టోపీ. తుపాకిలోని సూది కొట్టేది అక్కడే. అంచుల్లోంచి నూనె లోపలికి దిగితే టోపీ చచ్చిపోతుంది. దున్న మీదికి వస్తున్నప్పుడు తుపాకి పలకదు. ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. వాడి ముఖం మాడిపోయింది. "పెద్దపల్లిల బిడ్డ కాలేజి ఫీజు కట్టేది ఉన్నది దొరా," అని మాత్రం అన్నాడు. అంతలో యజమాని మా వైపు నడిచి వచ్చాడు. వాడు పసుపంటిన వేళ్ళను వెనక్కి పెట్టుకున్నాడు.

"యే క్యా హై?" అని అడిగాడు పెట్టెలోకి చూసి.

"మా ఇంటి ఆచారం," అన్నాను. "ఈ తూటాలు చేసింది నేను. వీటి మీద ఉన్నదానికి జవాబు నాది."

ఆయన వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. ఒక తూటా తీసి బొటనవేలితో రుద్ది వాసన చూశాడు.

"నూనె."

"అవును."

"పేలుతాయా?"

"కొన్ని పేలొచ్చు. వీటితో మీరు దున్న ముందు నిలబడకూడదు."

"అయితే నువ్వు కాల్చు. చూస్తాను."

చాలా ఏళ్ళ తరువాత తుపాకి నా భుజానికి ఆనింది. మొదటిది పేలింది. భుజం విరిగినంత దెబ్బ. రెండోదీ పేలింది. మూడోదానికి టిక్కుమని చప్పుడు వచ్చిందంతే. అలాంటప్పుడు తుపాకి తెరవకూడదు. ఆలస్యంగా పేలవచ్చు. గురి వైపే పట్టుకుని, ఊపిరి చిన్నగా తీసుకుంటూ కూర్చున్నాను. నాకు భయం వేయలేదు. చేతులు నొప్పిపెట్టాయి, అంతే. ఇది పేలినా మంచిదే, పేలకపోయినా మంచిదే, ఎవరైనా ఈ బరువు దించితే చాలు అనిపించింది. అది పేలలేదు.

"ఖలాస్," అన్నాడు యజమాని. కోపంగా అనలేదు. దుకాణంలో దొరికే తూటాలు ఆఫ్రికాలోనే కొనుక్కుంటానన్నాడు. తరువాత చెయ్యి చాపాడు. తాళంచెవి ఇచ్చేశాను.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో డ్రైవర్ అద్దంలోంచి నా వైపు చూశాడు.

"నా పేరు జెప్తే అయిపోవు గద. మిమ్ములనేమన్నంటుండెనా?"

"నిన్ను పంపిస్తుండె."

"మీ శుక్కురారం పాయె గద దొరా."

"ఇగ పండుకుంట. నువ్వు రోడ్డు జూసి నడుపు."

తరువాతి శుక్రవారం అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కారు రాదని గుర్తొచ్చాక క్యాంప్‌లో నా మంచం మీద నిటారుగా కూర్చున్నాను. పక్క మంచం వాళ్ళు బిర్యానీకి ఫరీజ్ బిన్ మహమూద్ పోదాం రమ్మన్నారు. భుజం ఇంకా పైకి లేవడం లేదు, వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు డ్రైవర్ ఫోన్ చేశాడు.

"సారు వచ్చిండు దొరా. దున్నను కొట్టిండట. ఒక్క దెబ్బకే పడ్డదట."

"ఏ గుండుతోని?"

"గదంత నాకెట్ల ఎరుక?"

"బరువైనదా, మెరిసేదా? అడిగి చూడు."

"నేనెట్ల అడుగుత దొరా? గుండ్ల ముచ్చట నీకెందుకు, పెట్టె ముట్టింది నువ్వేనా అంటడు."

నిజమే. నేను అడుగుదామంటే, స్టోర్‌వాడు యజమానిని కలవడానికి ఆఫీసులో మూడు టేబుళ్ళు దాటాలి. దేనికని అడిగితే గుండు సంగతికని చెప్పాలి.

"వద్దు, అడగకు," అన్నాను.