'మీ' అనే ఒక్క అక్షరం

వెల్డరుకు నోటి దురుసు ఎక్కువ. కాపురం కూలడంలో దాని వాటా ఎంతో అతను ఒప్పుకోడు గానీ, షెడ్డులో అందరికీ తెలుసు. విడాకులయ్యాక ఆరేళ్ల కూతుర్ని ఆదివారం పూట, కోర్టువాళ్ల గదిలో, ఒక పర్యవేక్షకురాలి ఎదుట మాత్రమే చూడనిస్తున్నారు. పోయినసారి పిల్ల స్వెట్టరు లేకుండా వణుకుతూ వస్తే, "మీ అమ్మకి బుద్ధుందా అసలు?" అని అరిచాడు. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మళ్లీ ఏడిస్తే ఇక చూపించేది లేదన్నారు. ముందుగా, భార్యలతో విడిపోయిన తండ్రులకు పెట్టే క్లాసుకు వెళ్లి రమ్మన్నారు.

క్లాసంటే మేడమీద గది, ప్లాస్టిక్ కుర్చీలు, వాటిల్లో ముఖాలు వేలాడేసుకున్న మగవాళ్లు. పాఠం చెప్పే ఆవిడ నాన్చకుండా విషయానికొచ్చింది.

"పిల్లలతో 'మీ అమ్మ' అనకండి. 'అమ్మ' అంటే చాలు. ఆ 'మీ' వినగానే, ఆవిడ మీకేమీ కాదని వాళ్లకి తెలిసిపోతుంది."

"కాదుగా మేడమ్!" అన్నాడు వెల్డరు. అందరూ నవ్వారు.

"మీకు కాదు. మరి మీ పాపకి?" అందావిడ.

మర్నాటి నుంచి ముఖానికి మాస్కు దించుకుని, గేటుకు ఊచలు అతికిస్తూ సాధన మొదలెట్టాడు. "అమ్మ బాగుందా? అమ్మ ఏం చేస్తోంది?" నోరు తిరిగి చస్తేనా! 'మీ' ముందే వచ్చి కూర్చునేది.

"ఏంటన్నా, గేటుకి వాళ్లమ్మ మీద బెంగా?" అని పక్కవాడు ఏడిపించాడు. మామూలుగా అయితే వాడి తాట తీసేవాడే. ఈసారి గేటు వైపు తిరిగి మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈ పిల్ల కూడా దూరమైతే తనకింకెవరున్నారు? ఆ భయం అతన్ని తినేస్తోంది.

ఆదివారం వచ్చింది. పిల్ల బల్లకి అవతల కూర్చుని చేప బొమ్మకు రంగులేస్తోంది.

"అమ్మ బాగుందా, తల్లీ?"

'మీ' లేకుండానే వచ్చేసింది! పిల్ల తలూపింది. అడిగినవాటికల్లా బుద్ధిగా జవాబు చెప్పింది. అతనికి ఏనుగెక్కినంత సంబరం. టైమైంది. పిల్ల చెప్పులు వేసుకుంది.

"నేను వెళ్లాలి. కింద మా అమ్మ ఉంటుంది."

మా అమ్మ. టీచరుతోనో, పక్కింటివాళ్లతోనో పిల్లలు అనే మాట అది. కన్నతండ్రితో ఏ బిడ్డా అనదు. ఆ గొంతులో కోపం లేదు, అలకా లేదు, ఉంటే బతిమాలుకునేవాడు. తన నోట్లోంచి ఆ 'మీ' పీకెయ్యడానికి నానా చావూ చచ్చాడు. ఈ 'మా'ని ఏం చెయ్యాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

పర్యవేక్షకురాలు నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"చాలా బాగా జరిగిందండీ. పాప అస్సలు ఏడవలేదు. వచ్చే ఆదివారం కూడా రండి."