మోకాలి లోతు నీళ్లు

మా అక్కంటే నాకు కుళ్లు. ఇందులో దాచేదేమీ లేదు. పలాసలో మా ఇద్దరి ఇళ్లూ రెండు వీధుల దూరం. కుళాయి ఎప్పుడొస్తుందా అని నేను బిందెలు పెట్టుకుని కూర్చుంటే, జీడిపప్పు వ్యాపారం కలిసొచ్చిన మా బావ పెరట్లో ఈతకొలను కట్టించాడు. నీలం పలకలు, దిగడానికి స్టీలు నిచ్చెన. చుట్టాలంతా వచ్చి చూసిపోయారు. నేనూ బాగుందన్నాను. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

అయితే అక్కకు లేనిది నా దగ్గర ఒకటుండేది. మా చర్చిలో తొట్టి లేదు కాబట్టి బాప్తిస్మమంటే సముద్రంలోనే. చిన్నప్పుడు ఇద్దరినీ భావనపాడు తీసుకెళ్లారు. అల కాళ్లకు తగలగానే అక్క కేకలు పెట్టి ఒడ్డుకు పరిగెత్తింది. నేను మునిగి లేచాను. ఆ భయం ఆమెను ఇన్నేళ్లూ వదల్లేదు. బాప్తిస్మం పొందనివాళ్లు ప్రభువు బల్లలో పంచే రొట్టె ముట్టకూడదు. నెలకోసారి రొట్టె పళ్లెం వచ్చినప్పుడు అక్క తల వంచుకుని దాన్ని నాకు అందించేది. నేను ముక్క తీసుకుని, కాస్త నెమ్మదిగానే నమిలేదాన్ని. పట్టుచీర ఆమెదైనా ఆ నిమిషం నాది.

మొన్న వేసవిలో అక్క పాస్టరుగారిని అడిగి, తన కొలనులోనే బాప్తిస్మానికి ఒప్పించింది. వచ్చే ఆదివారమేనని చర్చిలో చెప్పారు. నా గుండెల్లో రాయి పడింది.

గురువారం అక్క ఫోను చేసింది. "సెల్లీ, నీల్లు పచ్చగా అయిపోనాయే. మీ బావ ఎన్ని బిల్లలేసినా తేరటం నేదు. నువ్వు సైన్సు టీచరువి గదా, ఓపాలొచ్చి సూడు."

వెళ్లాను. మా ఉద్దానం అంటేనే కిడ్నీ జబ్బులతో నీళ్లకు భయపడే ప్రాంతం. మందు ఎంత వేస్తే అంత మంచిదని బావ రోజూ రెండింతలు క్లోరిన్ బిల్లలు వేశాడు. క్లోరిన్ ఎండకు పోకుండా కాపాడే మందొకటి ఆ బిల్లల్లో కలిసి ఉంటుంది. క్లోరిన్ ఖర్చవుతుంది గాని ఆ రెండో మందు నీళ్లలోనే పేరుకుపోతుంది. మితిమీరితే క్లోరిన్‌ని పని చెయ్యనివ్వదు. దానికి విరుగుడు లేదు, పాత నీళ్లు కొన్ని వదిలి కొత్తవి పోయడమే. పరీక్ష చేసి లెక్క వేశాను. సగం తీస్తే చాలు.

"ముప్పావు వంతు తీసియ్యాలి బావా" అన్నాను.

నాలిక తడబడలేదు. వేసవిలో వాళ్ల బోరు గంట పోసి రెండు గంటలు ఆగుతుందని నాకు తెలుసు. సగమే తీస్తే ఆదివారానికి నడుం లోతైనా నిలిచేది.

"మరి ఆదివారానికి నిండుతాదేటి?" అక్క ముఖం చిన్నబోయింది.

"నిండకపోతే తరవాతెప్పుడైనా సూసుకుందువులే అక్కా. తొందరేటి?"

బావ మోటారు వేశాడు. పాత నీళ్లు కాలవలోకి పోతుంటే, నీలం పలకల మీద తడిగీత కిందికి దిగడం కుర్చీ వేసుకుని చూశాను. చాలా రోజుల తర్వాత అక్క ఇంట్లో టీ నాకు రుచిగా ఉంది.

ఆదివారం పొద్దున నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. వాయిదా వేస్తారనుకున్నాను. పాస్టరుగారు ప్యాంటు మడిచి దిగి చూసి, "నువ్వు కూర్చుంటే చాలమ్మా, నేను వెనక్కి పడుకోబెడతాను" అన్నారు. తెల్లచీరలో అక్క నిచ్చెన దిగింది. నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగు కనబడుతోంది. పీట మీద స్నానానికి కూర్చున్నట్టే కూర్చుంది. ఆయన ఆమెను వెనక్కి వంచారు. నీళ్లు ముఖాన్ని కప్పేశాయి. లేచింది. కేక లేదు.

తుండుతో తల తుడుచుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాను బయపడతానని ముందే ఎరిగి నీల్లు తగ్గించేవు గదే. నడుం లోతుంటే నాను దిగుదునేటి? అంతా నీ పున్నెమే సెల్లీ."

ఆమె చేతిలోని తడి తుండు తీసుకుని దండెం మీద ఆరేశాను.

చర్చికెళ్లాక బల్ల ఇచ్చారు. పళ్లెం అక్క దగ్గరికొచ్చింది. మొదటిసారి ముక్క తీసుకుని, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ పళ్లెం నాకు అందించింది. నేను తల వంచుకుని పక్కావిడకు అందించేశాను.